వంకల్లో దొరికే రాళ్ళతో కొడవళ్ళు, ఉలులు నూరుకోవడం: మన సీమలో ఏ రాయి పనికొస్తుంది?

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు)

అందరికీ నమస్కారం. మాది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఉన్న పల్లె. మా ఇంటి వెనుక బావిగట్టు మీద మా తాతగారి కాలం నుంచి కత్తులు నూరే రాయి ఒకటి ఉండేది. జానెడున్నర పొడవు, బూడిద రంగులో కొంచెం ఆకుపచ్చ ఛాయ, ఏళ్ళ తరబడి నూరి నూరి నడుమ దోనెలాగా అరిగిపోయిన రాయి అది. కోతల రోజుల్లో తెల్లవారకముందే మా నాన్నగారు ఆ రాయి మీద చెంబుతో నీళ్ళు చిలకరించి నాలుగు కొడవళ్ళు నూరి వరుసగా పెట్టేవారు. నాకు నిద్రలేవగానే వినిపించే మొదటి శబ్దం అదే. రెండేళ్ళ క్రితం బావిగట్టు కూల్చి కొత్తగా కట్టించినప్పుడు ఆ రాయి మట్టితో పాటు ఎటో పోయింది, ఎంత వెతికినా దొరకలేదు.

ఆ తరువాత అంగట్లో కార్బొరండం రాయి ఒకటి కొన్నాను. అది ఇనుమును తొందరగా తినేస్తుంది గానీ, వాదర మీద, అంటే కోసే అంచు మీద, లోతైన గీతలు వదులుతుంది. రెండు పూటలు గడ్డి కోసేసరికి కొడవలి మళ్ళీ మొద్దుబారుతోంది. ఇంట్లో మిగిలిన కడప బండ ముక్క మీద కూడా ప్రయత్నించాను. రాయి నల్లబడి నిగనిగలాడింది తప్ప కొడవలికి పదును రాలేదు.

మా చుట్టుపక్కల వంకల్లో, గుట్టల్లో రాళ్ళకు కొదువ లేదు. వాటిలో నూరడానికి పనికొచ్చే రాయిని ఎలా గుర్తుపట్టాలో, దానిని ఎలా చదును చేసుకోవాలో, నీళ్ళతో నూరాలో నూనెతో నూరాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు. కొడవళ్ళతో పాటు ఒక మచ్చుకత్తి, రెండు ఉలులు, ఇంట్లో కత్తిపీట కూడా ఉన్నాయి.

రాళ్ళ మాస్టారు (కడప)

మీ ప్రశ్న చదివి సంతోషించాను. చాలా ఏళ్ళు భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పినవాడిని కాబట్టి రాళ్ళ వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను. చేతిపని గురించి చెప్పవలసినవారు వేరే ఉన్నారు.

మీ కడప బండ ఎందుకు పని చేయలేదో ముందు చూద్దాం. మనం ఇళ్ళకు పరిచే కడప బండ గానీ బేతంచర్ల నాపరాయి గానీ సున్నపురాయి. ఆ పొరలకు భూగర్భశాస్త్రంలో నార్జి సున్నపురాయి అని పేరు. దానిలో ముఖ్య ఖనిజం కాల్సైట్. ఖనిజాల గట్టితనాన్ని ఒకటి నుంచి పది దాకా లెక్కించే మోస్ కొలతలో కాల్సైట్ స్థానం మూడు. కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరిచిన కొడవలి ఉక్కు అయిదుకు పైనే ఉంటుంది. తనకంటే మెత్తని దానితో ఉక్కు అరగదు. రాయి మీద మీరు చూసిన నలుపులో చాలా భాగం ఇనుముకు పట్టిన తుప్పు, మురికి. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఏడో స్థానంలో ఉంటుంది. కాబట్టి మీకు కావలసినది పలుగురాయి రేణువులు ఉన్న రాయి.

అయితే గట్టితనం ఒక్కటే చూసుకుంటే మోసపోతాము. నేను విద్యార్థులకు మూడు మాటలు చెప్పేవాణ్ణి: రేణువు గట్టిగా ఉండాలి, రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి, అరిగిన రేణువును రాయి వదిలిపెట్టాలి. ఈ మూడింటిలో చాలామంది పట్టించుకోనిది మూడవది. గండికోట లోయకు ఇరువైపులా నిలబడిన ఎర్రటి గోడలు క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుకే వంద కోట్ల సంవత్సరాలకు పైగా అణిగి, రేణువుకు రేణువుకు మధ్య మళ్ళీ పలుగురాయే అతుక్కుని అలా ముద్దకట్టింది. అందువల్ల పై రేణువు అరిగి మొండిదైపోయినా ఊడిరాదు, రాయి అద్దంలా నునుపెక్కి కత్తి మీద జారిపోతుంది. అదే పొరల్లో కొన్నిచోట్ల అతుకు అంత బిగువుగా లేని సన్నరేణువు ఇసుకరాయి కూడా దొరుకుతుంది. తడిపి గట్టిగా రుద్దినప్పుడు వేలికి కొంచెం సన్నని ఇసుక అంటుకుంటే, ఆ రాయిలో పాత రేణువు పోయి కొత్త రేణువు పైకి వస్తున్నదని అర్థం. కొడవలికి, మచ్చుకత్తికి అటువంటి రాయి చాలా మంచిది.

మీరు చెప్పిన తాతగారి రాయి రంగును బట్టి అది ఇసుకరాయి కాదని నా అభిప్రాయం. బూడిద రంగులో ఆకుపచ్చ ఛాయ ఉండి, నడుమ దోనెలా అరిగిందంటే, అది సన్నని ఒండ్రు పేరుకుని గట్టిపడిన రాయి అయి ఉండాలి. గండికోట క్వార్ట్‌జైటుకు అడుగున ఉండే తాడిపత్రి పొరల్లో షేల్ అనే ఒండ్రురాయి విస్తారంగా ఉంది. అది మామూలుగా పలుచటి పొరలుగా విడిపోతుంది. కానీ సిలికా ఎక్కువగా చేరిన పొరలు గట్టిపడి, విడిపోకుండా ఇటుకల్లా దొరుకుతాయి. వాటిలోని పలుగు రేణువు కంటికి కనిపించనంత సన్నం కాబట్టి పదును మెత్తగా వస్తుంది. చెయ్యేరు పరిసరాల్లో పుల్లంపేట వైపు ఉన్న పలకరాళ్ళు కూడా ఈ జాతివే. బెల్జియంలో క్షౌరకత్తులకు పేరుపొందిన కొటిక్యూల్ అనే పసుపురాయి కూడా ఒకప్పటి ఒండ్రే. దానిలో కోసే పని గార్నెట్ రేణువులు చేస్తాయి. అమెరికాలోని అర్కాన్సా రాయి పూర్తిగా అతిసన్నని పలుగురాయి. దేశం ఏదైనా మనం వెతికే గుణం ఒకటే.

వంకలో నిలబడి చేయగల పరీక్షలు రెండు ఉన్నాయి. పాత చాకు మొనతో రాయి మీద గట్టిగా గీయండి. గీత పడి తెల్లటి పొడి రాలితే ఆ రాయి ఉక్కు కన్నా మెత్తనిది, అక్కడే వదిలేయండి. గీతకు బదులు రాయి మీద వెండిరంగు చార నిలిస్తే ఉక్కే అరిగిందన్నమాట, ఆ రాయిని సంచిలో వేసుకోండి. సున్నపురాయా కాదా అన్న అనుమానం ఉంటే, గీకిన పొడి మీద నిమ్మరసం పిండి చూడండి. సున్నపురాయి పొడి అయితే చిన్నచిన్న బుడగలు లేస్తాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె వైపు వేంపల్లె సున్నపురాయి పొరల్లో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఉంది. లేత ఆకుపచ్చ రాయిలో పట్టుదారాల్లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే దానిని ముట్టుకోకండి, గీకకండి, ఇంటికి తేకండి. ఆ పోగుల ధూళి ఊపిరితిత్తులకు తీరని హాని చేస్తుంది. అలాగే గండికోట కోట, దాని పరిసరాలు పురావస్తుశాఖ రక్షణలో ఉన్నాయి, నల్లమల రక్షిత అడవి. అక్కడి నుంచి రాళ్ళు తీసుకోవద్దు. ఆ పొరల రాళ్ళనే వాగులు కిందికి మోసుకొస్తాయి కాబట్టి, ఊరి పక్క వంకలో వెతికితే చాలు.

బాడిస (ప్రొద్దుటూరు)

మాస్టారు గారికి నమస్కారం. తమ్ముడూ, నేను వడ్రంగిని. ముప్పై ఏళ్ళుగా చిత్రిక పడుతున్నాను. నా దగ్గర మూడు రాళ్ళు ఉన్నాయి. ఒకటి అంగడిది, రెండు వంకలో ఏరుకున్నవి. అంగడి రాయిని నేను తక్కువ చేసి చెప్పను. వాదర పెచ్చులూడిన ఉలిని సరిచేయడానికి దానికి మించినది లేదు. కార్బొరండం ఉక్కు కంటే చాలా గట్టిది, రేణువు కూడా పెద్దది. దానితో పని మొదలుపెట్టడం తప్పు కాదు, దానితోనే ముగించడం తప్పు. మీ కొడవలి రెండు పూటలకే మొద్దుబారడానికి కారణం అదే. లోతుగా గీతలు పడిన వాదర రంపపు పళ్ళలా ఉంటుంది. ఆ పళ్ళ కొనలు పలుచన కాబట్టి మొదటి పూటలోనే విరిగిపోతాయి.

రాయిని ఎంచుకునేటప్పుడు నేను చేసే పని ఒకటి చెబుతాను. రాయిని తడిపి, బొటనవేలి గోరును దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరుపుతాను. ఎక్కడైనా గోరు ఒక్క క్షణం ఆగితే, అక్కడ పెద్ద రేణువో వేరే ఖనిజపు ఈనెలాంటిదో ఉందన్నమాట. అటువంటి రాయి ఎంత అందంగా ఉన్నా తీసుకోను, ఎందుకంటే వంద రేణువులు కష్టపడి తీర్చిన వాదరను ఆ ఒక్క రేణువు చెడగొడుతుంది. తెల్లటి పలుగు చారలు ఉన్న రాళ్ళను కూడా అందుకే వదిలేస్తాను.

తరువాత చదును చేయడం. రాయిని పొర వెంబడి ఉన్న ముఖం మీదనే చదును చేయాలి. పొరలకు అడ్డంగా కోసిన ముఖంలో ఒక పొర గరుకుగా, ఇంకొకటి మెత్తగా తగులుతుంది, కొన్నాళ్ళకు గట్ల మాదిరి ఎగుడుదిగుడుగా అరుగుతుంది. సమంగా ఉన్న గ్రానైట్ బండ మీద గానీ సిమెంటు గచ్చు మీద గానీ జల్లించిన ఇసుక పోసి, నీళ్ళు చల్లి, రాయిని బోర్లించి గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. మధ్యమధ్యలో రాయిని తిరగవేసి పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి మళ్ళీ రుద్దితే, గీతలు మిగిలిన చోటు ఇంకా పల్లంగా ఉన్నట్టు తెలుస్తుంది. అరచేయంత రాయికి నాకు ఒక పూట పట్టింది. చివర్లో ఇసుకను పూర్తిగా కడిగేసి, అదే జాతి రాయి ఇంకొకటి తీసుకుని రెంటినీ ఒకదానితో ఒకటి నీళ్ళతో రుద్దితే ఇసుక గీతలు పోతాయి. ఎంత తొందర ఉన్నా ఈ పని పొడిగా చేయవద్దు. పలుగురాయి దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. రాతిపని చేసేవారిలో ఆ జబ్బును నేను దగ్గరగా చూశాను.

నీళ్ళా నూనా అని అడిగారు. మన వంక రాళ్ళకు నీళ్ళే మేలు. రాయి నుంచి ఊడిన రేణువులు, ఉక్కు రజను నీళ్ళలో కలిసి బూడిద రంగు మడ్డిగా పైకి వస్తాయి. దానిని వెంటనే కడిగేయకండి, ఆ మడ్డిలోని రేణువులు కూడా కోస్తాయి. అది నల్లబడి చిక్కబడిన తరువాత కడిగి, చివరి పది పదిహేను రుద్దుళ్ళు శుభ్రమైన నీళ్ళతో చేయండి. నూనె ఒకసారి పోస్తే రాయి దానిని పీల్చుకుంటుంది, ఆ తరువాత నీళ్ళు పోసినా నిలవవు.

ఉలిని దాదాపు పాతిక డిగ్రీల వాలులో పట్టి, ఏటవాలు ముఖం పూర్తిగా రాయికి ఆనేలా చూసుకుని రుద్దండి. కొంతసేపటికి వాదర అవతలి వైపున వేలితో తాకితే తగిలీ తగలనట్టు సన్నని రేకు తెలుస్తుంది. ఆ రేకు ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చిందంటే ఆ ముఖం పూర్తయినట్టు. అప్పుడు ఉలిని తిరగవేసి వీపును రాయికి చదునుగా ఆనించి నాలుగైదుసార్లు లాగితే రేకు ఇటు ఒరుగుతుంది. మళ్ళీ అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు, ఒత్తిడి తగ్గించుకుంటూ పోవాలి. చివరికి పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగితే రేకు రాలిపోతుంది. రేకు పుట్టక ముందే ఆపేయడమే చాలామంది చేసే పొరపాటు.

నల్లరేగడి రైతు (అనంతపురం)

మా వైపు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే ఇది చదివి అనంతపురం వాళ్ళు ఊరికే తిరగకూడదు. తాడిపత్రి దాటి పడమటికి వస్తే మీ పొరల రాళ్ళు ఉండవు, గ్రానైటు జాతి గుట్టలే. గ్రానైటులో పలుగు ఉన్నా, దానితో పాటు ఫెల్డ్‌స్పార్, మెత్తటి కాకిబంగారం (అభ్రకం) కలిసి ఉంటాయి, రేణువులు కూడా పెద్దవి. మా చిన్నతనంలో గొడ్డళ్ళు, పారలు దాని మీదే రుద్దేవాళ్ళం. వాటికి సరిపోయేది గానీ కొడవలికి సరిపోయేది కాదు. గుట్టలకు అడ్డంగా గోడలా సాగిపోయే డోలరైటు అనే నల్లరాయి రేణువు సన్నమే అయినా, దానిలో పలుగు చాలా తక్కువ కాబట్టి ఉక్కును నెమ్మదిగా అరగదీస్తుంది, ఓపిక ఉంటే మెరుగు పెట్టడానికి వాడుకోవచ్చు. బళ్ళారి దగ్గర సంగనకల్లులో కొత్తరాతియుగపు మనుషులు ఈ నల్లరాతితోనే గొడ్డళ్ళు చేసి, గుట్ట బండల మీద నూరేవారు. ఆ బండల్లో నూరిన గాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని చూసినప్పుడు మా బావి దగ్గరి బండ మీది గుంట గుర్తుకొచ్చి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇంకొక మాట. మీ కొడవళ్ళలో కక్కుల కొడవలి ఉంటే దానిని రాయి మీద కక్కుల వైపు రుద్దకండి, పళ్ళు పోతాయి. చదునుగా ఉన్న వెనుక వైపు మాత్రమే తేలికగా లాగాలి. కక్కులు పూర్తిగా అరిగితే కమ్మరి దగ్గర మళ్ళీ కొట్టించుకోవలసిందే. నునుపు వాదర కొడవలికి మాత్రం రాయిని కదల్చకుండా కొడవలిని తిప్పడం కన్నా, కొడవలిని కాలి కింద తొక్కిపట్టి చిన్న రాయిని చేత్తో వంపు వెంబడి నడిపించడం సులభం. దానికి పలకలాంటి రాయి కంటే వంకలో దొర్లి గుండ్రబడిన కోలరాయి బాగా నప్పుతుంది.

పెన్న ఒడ్డు (జమ్మలమడుగు)

అందరికీ కృతజ్ఞతలు. మూడు ఆదివారాలు మా వంకలో తిరిగి మొత్తం తొమ్మిది రాళ్ళు తెచ్చాను. జరిగినదంతా రాస్తున్నాను.

చాకు పరీక్షలోనే నాలుగు పోయాయి. మిగిలిన అయిదింటిలో ఒకటి అందమైన ఎర్ర క్వార్ట్‌జైటు గుండు. ఇసుకతో చదును చేసిన రోజు అద్భుతంగా కోసింది, రెండో కొడవలికే నునుపెక్కి జారడం మొదలుపెట్టింది. మాస్టారు గారు చెప్పిన మూడవ గుణం ఏమిటో అప్పుడు చేతికి తెలిసింది. దానిని పారేయలేదు, మళ్ళీ ఇసుకతో రుద్దితే గరుకు తిరిగి వస్తుంది కాబట్టి మచ్చుకత్తికి ఉంచుకున్నాను. ఇంకొకటి ముదురు బూడిద రంగు షేల్. తడిగా ఉన్నప్పుడు చాలా బాగుంది. రాత్రంతా నీళ్ళ తొట్టిలో నానబెట్టి ఉదయం చూస్తే పొరలు పొరలుగా అయిదు పలకలైపోయింది. రెండింటిలో గోరు ఆగింది, వదిలేశాను.

చివరిది వంక మలుపులో ఒండ్రులో సగం కూరుకుపోయి దొరికింది. జానెడు పొడవు, ఆకుపచ్చ బూడిద రంగు. మా తాతగారి రాయి కంటే కొంచెం ముదురు. రాత్రంతా నానబెట్టినా విడిపోలేదు. నిమ్మరసానికి పొంగలేదు. ఒక మధ్యాహ్నమంతా గచ్చు మీద రుద్ది చదును చేశాను. నీళ్ళు చల్లి కొడవలి పెట్టగానే శబ్దం మారిపోయింది. కార్బొరండం కరకరమనేది, ఇది మెత్తగా, తడిగుడ్డ చింపుతున్నట్టు వినిపించింది. నాలుగు నిమిషాల్లో మడ్డి నల్లబడింది, వాదర వెనుక రేకు చేతికి తగిలింది. మా నాన్నగారు అరుగు మీద కూర్చుని అంతసేపూ ఏమీ అనలేదు. నూరడం అయ్యాక కొడవలి తీసుకుని బొటనవేలిని వాదరకు అడ్డంగా ఆనించి చూసి, "ఇంకొంచెం కొన వైపు నూరు" అన్నారు. నిజమే, కొన దగ్గర రేకు రాలేదు.

ఆ కొడవలితో ఇప్పటికి అయిదు పూటలు గడ్డి కోశాను, ఇంకా తెగుతోంది. ఒక్క సందేహం మిగిలింది. ఈ రాయి మీద కత్తిపీటను నూరవచ్చా? దాని బద్ద పీటకు బిగించి ఉంది, ఊడదీయడానికి రాదు.

బాడిస (ప్రొద్దుటూరు)

చాలా సంతోషం తమ్ముడూ. కత్తిపీటను ఊడదీయనక్కరలేదు. షేల్ రాయి అయిదు పలకలైందన్నారు కదా, వాటిలో వేలెడు మందం ఉన్న గట్టి ముక్క ఉంటే దాని అంచులు రుద్ది గుండ్రం చేయండి. పీటను ఎవరైనా కదలకుండా పట్టుకుంటే, తడిపిన ఆ ముక్కను బద్ద వెన్ను వైపు నుంచి వాదర వైపుకు కాకుండా, వాదర వెంబడి కింది నుంచి పైకి నడిపించండి. వేళ్ళు ఎప్పుడూ రాయి వెనుకనే ఉండాలి, వాదర దాటి ముందుకు రాకూడదు. రెండు వైపులా సమానంగా చేయండి. అయ్యాక బద్దను రెండుసార్లు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొంచెం వంటనూనె రాయండి. నూనె బద్దకు రాయాలి, రాయికి కాదు.

మీ ఆకుపచ్చ రాయి నడుమ పల్లం పడకుండా ఉండాలంటే ప్రతిసారీ ఒకేచోట నూరకుండా రాయి పొడవంతా వాడండి. నెలకొకసారి గచ్చు మీద తిప్పండి. వంక మలుపులో ఆ రాయి దొరికినచోట దాని జత కూడా ఉండవచ్చు. వానలు వెలిసి నీళ్ళు తగ్గాక మళ్ళీ ఒకసారి చూడండి, దొరికితే ఒక ముక్క నాకు పంపండి. నా చిన్న ఉలికి అటువంటి రాయి కోసమే వెతుకుతున్నాను.